క్రైస్తవ సంఘం బలపడిందని దేన్ని చూసి అంటాం?

బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో 41, 42 వచనాలు చూడండి. 41లో లెక్క ఉంది, ఆ రోజు ఇంచుమించు మూడు వేల మంది చేరారని. 42లో చేరినవాళ్లు ఏం చేశారో ఉంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. సంఘం ఎలా వర్ధిల్లుతుందన్న వాదన ఇవాళ్టికీ ఈ రెంటి మధ్యే తిరుగుతోంది, మనలో చాలామంది 41 దగ్గరే ఆగిపోతారని నా అనుమానం.

మొదట్లో ఈ గొడవే లేదు, కూడుకునేది ఇళ్లలో కాబట్టి. సిరియాలోని దూరా యూరోపస్‌లో 1930లలో తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు ఆరాధనా స్థలం నిజానికి ఒక మామూలు ఇల్లే, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు, వంద మంది పట్టడం కూడా కష్టం. అంత చిన్నచోట ఒకరు రాకపోతే ఇట్టే తెలిసిపోతుంది. 313లో మిలాన్ శాసనంతో స్వేచ్ఛ వచ్చాక బసిలికాలనే పెద్ద పెద్ద ఆరాధనా మందిరాలు లేచాయి, జనం పెరిగారు, ఎవరు రాలేదో కనిపెట్టడం కష్టమైంది.

నాకు బాగా నచ్చే మలుపు 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జరిగింది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ మనుషులు కట్టుకున్న కూటపు మందిరం మీద అప్పుంది. వారానికి తలా ఒక పెన్నీ ఇద్దామని కెప్టెన్ ఫాయ్ అనే సభ్యుడు అన్నాడు. అంత కూడా ఇవ్వలేని పేదలున్నారు కదా అని ఎవరో అడిగితే, వాళ్లలో పదకొండు మందిని నాకు అప్పగించండి, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను, మీరూ తలా పదకొండు మంది దగ్గరికి వెళ్లండి అన్నాడు. అలా పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరిగితే ఎవరింట్లో గొడవలున్నాయో, ఎవరు దారి తప్పుతున్నారో బయటపడింది. ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి అర్థమైంది. మెథడిస్టుల క్లాస్ మీటింగ్ అనే చిన్న కూటం అలా పుట్టింది, అప్పు తీర్చే చందాల్లోంచి! తర్వాతి శతాబ్దంలో సంఘాలు స్థిరపడి పెద్ద చర్చిలు కట్టుకుంటున్నకొద్దీ ఆ కూటాలు నీరసించాయి.

లెక్కను శాస్త్రంగా మార్చింది డొనాల్డ్ మెక్‌గావ్రన్. 1897లో ఇండియాలో పుట్టి ఇక్కడే మిషనరీగా పనిచేసిన మనిషి. కొన్ని సంఘాలే ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్న పట్టుకుని 1955లో పుస్తకం రాశాడు, విశ్వాసం బంధుత్వాల వెంట పాకుతుందన్నాడు. అది నిజమే. జాతి, భాష, వర్గం గోడలు దాటనక్కర్లేకుండా క్రైస్తవులవడం జనానికి ఇష్టమని కూడా అన్నాడు. అదీ నిజమే కావచ్చు గానీ, యూదులకూ ఇతరులకూ నడుమ ఉన్న మధ్యగోడను క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ పత్రిక చెబుతుంటే ఆ గోడ లోపలే సంఘం పెంచుకోవచ్చా? విమర్శకులు అడిగిందీ ఇదే, దానికి సరిపోయే జవాబు నేనింతవరకు చదవలేదు.

సియోల్‌లో డేవిడ్ యోంగీ చో 1958లో చిన్న కూటంతో మొదలుపెట్టాడు. పని భారంతో 1960లలో కుప్పకూలాక, ఇళ్లలో చిన్న చిన్న కూటాలు పెట్టి వాటిని ఎక్కువగా స్త్రీల చేతికి అప్పగించాడు. సంఘం లక్షల్లోకి వెళ్లింది. 2014లో సంఘానికి ఆర్థిక నష్టం కలిగించిన కేసులో కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. ఆ ఇళ్ల కూటాల తప్పేం లేదు అందులో, పైన కూర్చున్నవాణ్ని ఫాయ్‌లా వెళ్లి అడిగేవాళ్లు లేకపోవడమే తప్పని నాకనిపిస్తుంది.

షికాగో దగ్గర 1975లో మొదలైన విల్లో క్రీక్ చర్చి, కార్యక్రమాలు ఎన్ని పెడితే జనం అంతగా ఎదుగుతారని నమ్మి ఎందరికో నమూనా అయింది. తన సభ్యుల మీద తానే సర్వే చేయించుకుని 2007లో ఫలితాలు బయటపెట్టింది, అందుకు మెచ్చుకోవాలి. కార్యక్రమాలకు ఎక్కువగా వచ్చినంత మాత్రాన ఆత్మీయంగా ఎదగడం లేదని తేలింది. ఇంకో సంగతి కూడా: వెళ్లిపోదామా అని ఆలోచిస్తున్నవాళ్లలో బాగా అంకితమైన విశ్వాసులే ఉన్నారు.