చేస్తూ పోతే పని అదే వస్తుందా? చేతిపని నేర్చుకోవడంపై అపోహలు - వాస్తవాలు

గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వైపు నుంచి వచ్చే కుర్రాళ్లకు వెల్డింగ్ నేర్పడం నా పని. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, ఆటోనగర్ ఉన్న ఊరు కదా, పని ఎలా వస్తుందనే దాని మీద విశాఖలో ఎవరిని కదిపినా ఒక అభిప్రాయం ఉంటుంది. వాటిలో పచ్చి అబద్ధాలు తక్కువే. సగం నిజాలతోనే చిక్కు.

అపోహ: చేస్తూ పోతే పని అదే వస్తుంది

చేస్తూ పోతే వచ్చేది అలవాటు. అది మంచిదో కాదో చేతికి తెలియదు. ఆర్క్ (రాడ్ మొనకూ లోహానికీ మధ్య లేచే విద్యుత్ మంట) పొడుగ్గా లాగి రాడ్ నడిపే కుర్రాడు నెల తర్వాతా అలాగే నడుపుతాడు. కాకపోతే అప్పుడు చెయ్యి వణకదు, ధీమాగా నడుపుతాడు. ఆ ధీమా వచ్చాక మార్చడం ఇంకా కష్టం.

అందుకే కొత్తవాళ్లకు ఒక నియమం పెడతాను. బీడ్ (కరిగి గట్టిపడిన అతుకు గీత) వేశాక, దాని మీద పేరుకునే పెంకును, అంటే స్లాగ్‌ను, వెంటనే కొట్టకూడదు. ముందు నోటితో చెప్పాలి: ఎక్కడ బాగా వచ్చింది, ఎక్కడ అండర్‌కట్ (అంచున గాడి) పడి ఉంటుంది, స్లాగ్ ఎక్కడ ఇరుక్కుని ఉంటుంది. ఆ తర్వాతే చిప్పింగ్ హ్యామర్, వైర్ బ్రష్. మొదట్లో "ఏమో సార్, బాగానే ఉంటది" అంటారు. స్లాగ్ ఊడాక బీడ్ అంచున గాడి కనబడుతుంది.

"ఎందుకు పడింది?"

"కరెంట్ ఎక్కువైంది సార్."

"మరి ఈ చివర పడలేదేం? కరెంట్ అదే కదా."

ఇక్కడ ఆగుతాడు. అంచు దగ్గర రాడ్‌ను క్షణం నిలపకుండా లాగేశానని కాసేపటికి తనే పట్టుకుంటాడు. ఆ మాట నేను చెబితే తలాడించి మర్చిపోతాడు. తనకు తట్టితే తర్వాతి రాడ్‌లోనే చెయ్యి మారుతుంది.

మార్చేటప్పుడు కూడా ఒక్కటే మార్చాలి. కరెంట్, కోణం, వేగం మూడూ ఒకేసారి మార్చేస్తే బీడ్ బాగుపడొచ్చు గానీ, దేనివల్ల బాగుపడిందో తెలీదు.

డేవిడ్ కోల్బ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో వచ్చిన తన పుస్తకంలో ఈ తిరుగుడునే నాలుగు దశలుగా చెప్పాడు: చేయడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టడం, ఆ సూత్రాన్ని మళ్లీ చేసి పరీక్షించడం. మన వర్క్‌షాపుల్లో మొదటిదీ నాలుగోదీ బాగానే జరుగుతాయి. మధ్య రెండూ టీ బ్రేక్‌లో కలిసిపోతాయి.

అపోహ: అనుభవం ఉంటే థియరీ అక్కర్లేదు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఫలితం అక్కడికక్కడే కంటికి కనిపిస్తే అనుభవం మంచి గురువు. ఆలస్యంగా బయటపడే చోట అదే అనుభవం తప్పుదారి పట్టిస్తుంది.

గేట్లు, గ్రిల్స్ పనిలో ఎక్కువగా వాడేది 6013 రాడ్. ప్యాకెట్ విప్పి కొన్నాళ్లు బయట ఉంచినా పెద్దగా మొరాయించదు. దాంతో "రాడ్ అంటే రాడ్డే" అన్న నమ్మకం స్థిరపడుతుంది. అదే నమ్మకంతో 7018 అనే ఇంకో రకం రాడ్ పట్టుకుంటారు. దాని పూత గాలిలోని తేమను పీల్చుకుంటే పని చెడుతుంది, విశాఖ గాలిలో తేమకు కొదవా? ఆ తేమ ఆర్క్ వేడికి విడిపోయి, అందులోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దిగుతుంది. పైకి చూస్తే బీడ్ నున్నగా, ముచ్చటగా ఉంటుంది. గట్టి రకం ఉక్కు, మందపాటి ప్లేటు అయితే పగులు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు వస్తుంది. కొన్ని గట్టి ఉక్కులకు వెల్డింగ్ అయిన 48 గంటల తర్వాతే తనిఖీ చేయాలన్న నిబంధన పెట్టింది అందుకే.

అప్పటికి వెల్డర్ ఇంకో జాబ్ మీద ఉంటాడు. ఆ పగులు అతని అనుభవంలోకి రానే రాదు. "ఓవెన్‌లో పెట్టకుండానే వాడుతున్నా, ఇన్నేళ్లలో ఏం కాలేదు" అనే సీనియర్ అబద్ధం చెప్పడం లేదు, తను చూసిందే చెబుతున్నాడు. 7018ను తయారీదారు చెప్పిన లెక్కన, మామూలుగా 300 డిగ్రీల సెల్సియస్‌కు పైన, గంటో రెండు గంటలో బేక్ చేయాలన్న సంగతి మాత్రం థియరీ క్లాసులోంచే రావాలి.

కళ్ల విషయమూ ఇంతే. షీల్డ్ లేకుండా ఆర్క్ చూసినప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలు పోయాక, సాధారణంగా రాత్రిపూట, కళ్లు మండి నీళ్లు కారతాయి. జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) వెల్డ్ చేస్తే వచ్చే జింక్ పొగ వల్ల జ్వరం, వణుకు కూడా ఇంటికెళ్లాకే. ఇలాంటివి "చేసి నేర్చుకో" అని వదిలేయడం శిక్షణ కాదు.

అపోహ: చదివింది 10 శాతం గుర్తుంటుంది, చేసింది 90 శాతం

ఈ శాతాలను మెట్లుగా పేర్చిన పిరమిడ్ బొమ్మ లేని ట్రైనింగ్ స్లైడ్లు నాకు అరుదుగా కనిపిస్తాయి. దాని మూలం అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో ఇచ్చిన 'అనుభవ శంకువు'. అందులో శాతాలే లేవు. ఎవరో తర్వాత అతికించారు, వెనక పరిశోధన లేదు. నా పనికి అనుకూలంగా ఉన్న అంకె అయినా సరే, నేను వాడను.

అపోహ: ఒకరు చూసి, ఒకరు విని, ఒకరు చేసి నేర్చుకునే రకం

ఇష్టాలు వేరుగా ఉండొచ్చు. ఆ ఇష్టానికి తగ్గట్టు నేర్పితే బాగా వస్తుందనడానికి తగిన రుజువు లేదని 2008లో అమెరికన్ మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. వెల్డింగ్‌లో అయితే ఈ చర్చే అనవసరం. ఆర్క్ చప్పుడు వినాలి, కరిగిన లోహాన్ని చూడాలి, రాడ్ నడపాలి. అందరికీ మూడూ కావాలి.

అపోహ: 10,000 గంటలు చేస్తే ఎవరైనా నిపుణులే

మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై వేసిన లెక్కలోంచి వచ్చిన అంకె ఇది. వాళ్లలో అత్యుత్తములు 20 ఏళ్ల వయసుకు చేరిన సగటు అది, అంతే తప్ప దాటితే చాలనే గీత కాదు. పైగా పరిశోధకులు లెక్కపెట్టింది ఒంటరిగా, లోపాలు సరిదిద్దుకుంటూ చేసిన సాధనను. ఒకే సైజు గ్రిల్ రోజంతా కొడితే ఆ లెక్కలోకి రాదు.

అపోహ: కూర్చుని ఆలోచించడం టైమ్ వేస్ట్

సూపర్‌వైజర్లకు నచ్చే మాట. బెంగళూరులో విప్రో కొత్త ఉద్యోగుల శిక్షణలో ఒక ప్రయోగం చేశారు. కొందరు రోజు చివర 15 నిమిషాలు ఆరోజు నేర్చుకున్నది రాసుకున్నారు, మిగతావాళ్లు ఆ సమయంలో కూడా పనే చేశారు. చివరి పరీక్షలో రాసుకున్నవాళ్లు సుమారు 23 శాతం మెరుగ్గా చేశారు. అది కంప్యూటర్ ముందు పని, ఆ అంకెను నిప్పురవ్వల మధ్యకు తెచ్చి అతికించను. కానీ తిరిగి చూసుకోవడం వల్ల పని తగ్గుతుందన్న భయం మాత్రం పోయింది.

మా షెడ్డులో డైరీలు లేవు. జాబ్ మీదే సుద్దతో తేదీ, కరెంట్, ఏం మార్చారో రాయిస్తాను. బెండ్ టెస్టులో (అతుకును వంచి చూసే పరీక్షలో) విరిగిన ముక్కలను స్క్రాప్‌లో వేయనివ్వను. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి గేట్లు కొట్టి, షిప్‌యార్డు పనుల కోసం 3జీ టెస్టుకు (నిలువుగా నిలిపిన ప్లేటు మీద వెల్డ్ చేసి చూపే పరీక్షకు) తయారయ్యే పెద్దవాళ్లు కూడా వస్తుంటారు. వాళ్లతో మొదటి పూట రాడ్ పట్టించను. ఆ విరిగిన ముక్కలు చేతికిచ్చి, ఏది ఎందుకు విరిగిందో చెప్పమంటాను.