జట్టు దిగితే హోటల్‌కు పండగేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

హోటల్ సేల్స్‌లో గ్రూప్ బుకింగ్‌లు చూడటం నా పని. ఊళ్లో మ్యాచ్ ఉందని తెలియగానే తెలిసినవాళ్లంతా "మీకేంటండీ, రూములన్నీ ఫుల్" అంటారు. స్పోర్ట్స్ ట్రావెల్‌లో డబ్బు ఉన్నమాట నిజమే. అది ఎక్కడ వస్తుందో, ఎక్కడ కారిపోతుందో మాత్రం ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకు కూడా ఓ పట్టాన అర్థం కాదు.

అపోహ: హోటల్ నిండిందంటే ఆ ఆదాయమంతా ఆటల పుణ్యమే.

వాస్తవం: 100 రూముల హోటల్ అనుకుందాం. ఏ ఆటా లేని శనివారం కూడా 70 రూములు నిండుతాయి. టోర్నమెంట్ వచ్చి 100 నిండితే కొత్తగా వచ్చినవి 30 రూములే. పైగా 60 రూములు తక్కువ రేటుకు గ్రూప్‌కి ఇచ్చేసి ఉంటే, ఎప్పుడూ వచ్చే కస్టమర్లలో 30 మందికి రూమ్ లేదని చెప్పాల్సి వస్తుంది. వాళ్లలో నెలనెలా వచ్చే కంపెనీ ఉద్యోగి ఉంటే నష్టం ఆ వారాంతంతో పోదు. పక్క హోటల్‌కి అలవాటు పడ్డాడంటే మళ్లీ మన గుమ్మం తొక్కించడం కష్టం.

నగరాల స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. 2012 ఒలింపిక్స్ లండన్‌లో జరిగాయి. ఆ ఆగస్టులో బ్రిటన్‌కు వచ్చిన విదేశీయులు అంతకు ముందు ఏడాది ఆగస్టు కంటే దాదాపు 5 శాతం తగ్గారు. వచ్చినవాళ్లు ఖర్చు ఎక్కువే పెట్టారు, కానీ రద్దీకి, రేట్లకు భయపడి మామూలు టూరిస్టులు చాలామంది రాలేదు. అందుకే ఎవరైనా టోర్నమెంట్ ప్రపోజల్‌తో వస్తే నేను ముందు అడిగేది ఎన్ని రూములని కాదు, ఏ తేదీలని. సీజన్ లేని వారంలో, సగం రూములు ఖాళీగా ఉండే రోజుల్లో వచ్చే చిన్న టోర్నమెంట్ నాకు బంగారం.

అపోహ: ప్రొఫెషనల్ జట్లే అసలు వ్యాపారం, పిల్లల టోర్నమెంట్లది చిల్లర బేరం.

వాస్తవం: ప్రో జట్టు వస్తే పేరు బాగుంటుంది. కానీ వాళ్లు ఏడాది పొడవునా తిరుగుతుంటారు కాబట్టి బేరం బాగా తెలుసు. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు మామూలు సీజన్‌లో ఆడే 82 మ్యాచ్‌ల్లో సగం బయటి ఊళ్లలోనే. అలాంటివాళ్ల ట్రావెల్ మేనేజర్ రేటు దగ్గర అంత సులువుగా దిగిరాడు. అడిగేవి కూడా ఎక్కువే: రూములన్నీ పక్కపక్క ఫ్లోర్లలో ఉండాలి, విడిగా డైనింగ్ హాల్, వీడియోలు చూసుకునే మీటింగ్ రూమ్, ఫిజియోకి చోటు, బస్సు ఆగడానికి వెనక గేటు, రాత్రి మ్యాచ్ అయితే లేట్ చెకౌట్. ఆ మీటింగ్ హాల్‌ని ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చుకుంటే ఎంత వచ్చేదో లెక్క వేసి చూడండి, జట్టు తెచ్చిన లాభం కొంచెం సన్నబడుతుంది.

జట్టు వెనకాల వచ్చేవాళ్ల సంగతి వేరు. ప్రసార సిబ్బంది జట్టు కంటే ముందే దిగి, సామాను సర్దుకుని ఆ తర్వాత వెళ్తారు. అభిమానులు చుట్టుపక్కల చిన్న హోటళ్లను కూడా నింపుతారు. 2020లో ఐపీఎల్ యూఏఈకి వెళ్లి ఖాళీ స్టేడియాల్లో జరిగినప్పుడు, జట్లు దిగిన హోటళ్లకు వారాల తరబడి బుకింగ్ దొరికింది. మామూలుగా మ్యాచ్ రాత్రి ఊరంతా పంచుకునే అభిమానుల వ్యాపారం మాత్రం లేదు.

పిల్లల టోర్నమెంట్‌లో మొదటినుంచీ జనం వెంటే ఉంటారు. పన్నెండేళ్ల పిల్ల ఒక్కతే ప్రయాణం చేయదు, అమ్మానాన్నల్లో ఒకరైనా వస్తారు, తరచుగా తమ్ముడో నానమ్మో కూడా. 16 జట్లు, జట్టుకు 12 మంది పిల్లలు అనుకుంటే, బయటి ఊళ్లవాళ్లు సగమే అయినా దాదాపు 100 కుటుంబాలు. టీవీలో కనిపించని ఈ వ్యాపారం ప్రతి ఏటా అదే వారాంతానికి తిరిగి వస్తుంది.

అపోహ: రూమ్ బ్లాక్ అయిందంటే అమ్ముడుపోయినట్టే.

వాస్తవం: నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. నిర్వాహకులు ఆరు నెలల ముందు ఫోన్ చేసి "80 రూములు పెట్టండి" అంటారు. మేం పెడతాం, దాన్నే బ్లాక్ అంటాం. ఆ క్షణం నుంచి ఆ రూములు సిస్టమ్‌లో వేరేవాళ్లకు కనిపించవు. టోర్నమెంట్ దగ్గరపడ్డాక చూస్తే పేర్లు వచ్చినవి 45. కొందరు ఆన్‌లైన్‌లో ఇంకా చవకగా దొరికిందని అక్కడ బుక్ చేసుకుంటారు, కొందరు చుట్టాలింట్లో దిగుతారు. అదే జట్టు పేరుతో కోచ్ ఒక హోటల్లో, టీమ్ మేనేజర్ ఇంకో హోటల్లో రూములు పట్టి ఉంచడమూ మామూలే. పెద్ద ఈవెంట్లు కూడా దీనికి అతీతం కాదు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి దక్షిణాఫ్రికాలో, 2012 ఒలింపిక్స్‌కి లండన్‌లో, ముందే పట్టి ఉంచిన రూముల్లో పెద్ద సంఖ్యలో నిర్వాహకులు హోటళ్లకు తిరిగి ఇచ్చేశారు.

అందుకే కాంట్రాక్టులో కటాఫ్ డేట్ ఉంటుంది. సాధారణంగా మూడు, నాలుగు వారాల ముందు. ఆలోపు పేర్లు రాని రూములు మళ్లీ అమ్మకానికి వచ్చేస్తాయి. బ్లాక్‌లో 80 లేదా 90 శాతం వాడకపోతే తేడా కట్టాలనే షరతు కూడా రాస్తారు. చిన్న క్లబ్ దగ్గర ఆ తేడా వసూలు చేయడం మాత్రం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. దానికి బదులు అడ్వాన్స్ గట్టిగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు నాకౌట్. ఆదివారం వరకు రూమ్ కావాలన్న జట్టు శనివారం మధ్యాహ్నం ఓడిపోతుంది. సాయంత్రం ఐదింటికి కిట్ బ్యాగులతో 12 కుటుంబాలు ఫ్రంట్ డెస్క్ ముందు నిలబడి "రేపటిది క్యాన్సిల్ చేయండి" అంటాయి. పిల్లలు ఏడుపు మొహాలతో ఉంటారు, తల్లిదండ్రులు విసుగు మీద ఉంటారు. ఆ టైమ్‌లో ఆ రూములు ఇంకొకరికి అమ్మడం దాదాపు కుదరదు. షరతు ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రికే రివ్యూల్లో ఒక్క స్టార్ పడుతుంది.

అమెరికాలో చాలా యూత్ టోర్నమెంట్లు దీనికి వేరే దారి పట్టాయి. నిర్వాహకులు చెప్పిన హోటళ్లలో దిగితేనే ఆడనిస్తారు. హోటల్‌కు బ్లాక్ నిండుతుందన్న భరోసా, నిర్వాహకులకు రూముకింత కమీషన్. కుటుంబాలకు మాత్రం చవకైన చోటు వెతుక్కునే వీలు పోతుంది. హోటల్ మనిషినైనా నాకు ఈ పద్ధతి అంతగా నచ్చదు. తప్పనిసరై వచ్చిన కస్టమర్ మళ్లీ రాడు.

అపోహ: మ్యాచ్ ఉంటే ఎంత రేటు పెట్టినా చెల్లుతుంది.

వాస్తవం: తేదీ మారనంతవరకు. 2023 వన్డే ప్రపంచ కప్‌లో భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ను అహ్మదాబాద్‌లో అక్టోబర్ 15న పెట్టారు. అక్కడ హోటల్ రేట్లు ఆకాశాన్నంటాయి. ఆగస్టులో దాన్ని 14కి మార్చారు. ఒక్క రోజే తేడా, కానీ 15 కోసం చేసుకున్న ప్లాన్లన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. హోటల్ వైపు కూడా అంతే: మితిమీరిన రేటుకి బుక్ చేసినవాళ్లే కాస్త తగ్గింది కనబడగానే ముందుగా క్యాన్సిల్ చేస్తారు.

అపోహ: పిల్లల జట్లు వస్తే గోల, సామాన్లు పగలగొట్టడం.

వాస్తవం: గోల నిజమే, కారిడార్లో బంతి ఆడతారు. పగలగొట్టేది తక్కువ. అసలు భారం హౌస్‌కీపింగ్‌కి. ఒక్కో రూములో నలుగురు ఉంటారు, రూముకు పెట్టిన రెండు టవల్స్ తెల్లారేసరికి సరిపోవు, బాత్రూమ్ నిండా బురద. పొద్దున ఆరున్నరకు బ్రేక్‌ఫాస్ట్ హాల్లోకి అందరూ ఒకేసారి దిగుతారు, ఎందుకంటే మొదటి మ్యాచ్ ఎనిమిదింటికి. మ్యాచ్ టైమ్‌టేబుల్ ముందురోజే తెప్పించుకుని జట్లను విడతలుగా పిలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మామూలు గెస్టులను వేరే ఫ్లోర్లో పెడితే మిగతా సగం.

అపోహ: స్టార్ ఆటగాళ్లు దిగితే హోటల్‌కు ఫ్రీ పబ్లిసిటీ.

వాస్తవం: జట్టు ఎక్కడ దిగిందో బయటికి పొక్కకూడదని చాలా కాంట్రాక్టుల్లో రాసే ఉంటుంది. స్టాఫ్ సెల్ఫీలు అడగకూడదు, రూమ్ నంబర్లు నోరు జారకూడదు. ఆటగాళ్లను కూడా మారుపేర్లతో చెకిన్ చేయించడం కొత్తేమీ కాదు. లాబీలో అభిమానులు గుమిగూడితే అదనపు సెక్యూరిటీ ఖర్చు ఎవరిదన్నది కూడా సంతకాలకు ముందే తేల్చుకోవాలి. చాలాసార్లు అది మన బిల్లులోనే చేరుతుంది.