ఊరి ఆరోగ్యం రాయబోతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మీ సైన్సు సారు ఫోన్ చేసి సంగతంతా చెప్పారు. ఈ ఏడు మీ తొమ్మిదో తరగతి, వచ్చే ఏడు మీ తర్వాతి బ్యాచ్, ఆపై ఇంకో బ్యాచ్... ఇలా ఏటేటా ఇల్లిల్లూ తిరిగి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఊరు విడిచారు, ఎవరికి బీపీ, షుగర్ ఉన్నాయి అని రాసిపెడతారట. ఆరోగ్యశాఖలో ఇలాంటి రిజిస్టర్ల మధ్యే ఉద్యోగం ముగించినవాణ్ణని నన్ను నాలుగు ముక్కలు రాయమన్నారు. నాలుగు ముక్కలతో తేలేలా లేదు, కాస్త ఓపిక పట్టండి.

ఒక్కసారి తిరిగి రాసుకొచ్చే సర్వే వేరు, ఏళ్ళ తరబడి అవే కుటుంబాల్ని చూస్తూ పోవడం వేరు. మొదటిది ఇవాళ ఎందరికి బీపీ ఉందో చెబుతుంది. ఆ బీపీ ఉన్నవాళ్ళు పదేళ్ళకు ఏమయ్యారో రెండోదే చెప్పాలి. బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే చోట 1966 నుంచి పల్లెల్లో పుట్టుకలు, చావులు, రాకపోకలు రాస్తూనే ఉన్నారు. అంతకాలంలో ఎన్ని చేతులు మారి ఉంటాయో చూడండి. కష్టమంతా అక్కడే. ఇవాళ మీరు రాసింది మీ మొహం కూడా చూడని పిల్ల ఎవరో చదివి అర్థం చేసుకోవాలి.

లెక్కల్ని అబద్ధాలకోర్లు చెడగొడతారని అనుకుంటాం. నేను చూసినంతవరకు ఎక్కువ చెడగొట్టేది మర్యాదస్తులు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఏదో ఒకటి నింపుతారు. పెద్దాయన తడబడుతుంటే చూడలేక "అరవై వేసుకుందునా తాతా?" అంటారు. ఆయన కూడా "వేస్కో బిడ్డా" అంటాడు. అయిపోయింది, ఇక ఆయన అరవై ఏళ్ళవాడే.

దీన్ని పట్టుకునే కిటుకు ఒకటుంది. మీ పుస్తకంలో 23 నుంచి 62 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళందర్నీ లెక్కపెట్టండి. వాళ్ళలో వయసు సున్నాతోనో ఐదుతోనో ముగిసేవాళ్ళు ఎందరో చూడండి. మామూలుగా అయితే ఐదో వంతు దగ్గర్లో ఉండాలి. వాళ్ళ సంఖ్యను మొత్తంతో భాగించి 500తో గుణిస్తే వచ్చేదాన్ని విప్పిల్ సూచీ అంటారు. 100 వస్తే వయసులు సరిగా చెప్పారన్నమాట. 500 వస్తే ఊరు ఊరంతా పాతిక, ముప్పై, నలభై అని చెప్పినట్టు. చిన్న ఊరిలో ఇది కాస్త అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి 110 వచ్చిందని టెన్షన్ పడకండి. 250 వస్తే మాత్రం మళ్ళీ తిరగాల్సిందే.

ఆధార్ కార్డు చూసి రాసుకుంటే పోదా అంటారేమో. కార్డుల్లో జనవరి 1న పుట్టిన ముసలివాళ్ళు ఎందరున్నారో ఒకసారి చూడండి, మీకే నవ్వొస్తుంది. బడి రికార్డుదీ అదే కథ, చేర్పించిన రోజు సారు వేసిన జూన్ తేదీలు ఎన్నో. అందుకే వయసు అడగొద్దు, గుర్తులు అడగండి. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లో వచ్చాయి. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి వస్తుంది. "పెద్దోడు పుష్కరాలప్పుడు చంకలో ఉన్నడు, చిన్నోడు ఆ మీది జాతరకు కడుపులో ఉన్నడు" అని ఒక అవ్వ చెబితే ఆ మాట ఆధార్ తేదీ కంటే గట్టిది. ఏ పుష్కరాలో, ఏ జాతరో మాత్రం తేల్చుకోండి.

బీపీ సంగతీ ఇంతే. పాత పాదరసం మిషన్ మీద గీతలు రెండేసి చొప్పున ఉంటాయి. అంటే చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఏదైనా కావచ్చు, ఒక్కోటి ఐదో వంతు సార్లు రావాలి. ఇప్పటి డిజిటల్ మిషన్‌లో పది అంకెలూ వస్తాయి. ఒకరి పుస్తకంలో మాత్రం 120/80, 130/80, 140/90 తప్ప ఇంకోటి కనబడకపోతే మిషన్ చెప్పింది రాయడం లేదని అర్థం. అంకె రెండు అటూ ఇటూ అయితే ఏం మునిగిందని అనుకోవద్దు. 140/90 దగ్గర గీత గీసి బీపీ ఉంది, లేదు అంటాం కదా. 138ని 140 చేస్తే ఒక రోగి పెరుగుతాడు, 142ని 138 చేస్తే ఒక రోగి మాయమవుతాడు. కాన్పు రిజిస్టర్లలో బరువులు సరిగ్గా రెండున్నర కిలోల దగ్గర గుంపు కట్టడం కూడా ఈ కోవలోదే. అంతకంటే తగ్గితే తక్కువ బరువు బిడ్డ అని రాయాలి మరి.

తెలియకపోతే "తెలియదు" అని రాయండి. దానికి ఒక గుర్తు పెట్టుకోండి, అయితే అది నిజంగా వచ్చే అంకె కాకూడదు. వయసు తెలియనివాళ్ళకు 99 వేశారనుకోండి, పదేళ్ళ తర్వాత లెక్క తీసినవాళ్ళకు మీ ఊరు నిండా నూరేళ్ళకు దగ్గరపడ్డ ముసలివాళ్ళు కనబడతారు. సున్నా, ఖాళీ, తెలియదు, చెప్పనన్నారు: ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జవాబులు.

సారు ట్యాబ్‌లు తెప్పిస్తానంటున్నారు. తెప్పించనివ్వండి. కానీ గడి నింపనిదే ముందుకు కదలనివ్వని ట్యాబ్ చాలా ప్రమాదం. ఎండలో గంట నుంచి నిలబడ్డ మనిషి ఆ గడి దాటడానికి ఏదో ఒకటి కొట్టేస్తాడు, ట్యాబ్ కూడా పచ్చగా టిక్కు పెడుతుంది. "ఇది నిజమేనా?" అని ఒకసారి అడిగి, అవునంటే వదిలేసేది మేలు. అసలు జరగనే జరగనివి, మగవాళ్ళు గర్భవతులు కావడంలాంటివాటిని మాత్రం ఆపేయనివ్వండి.

ఇక అసలు చిక్కు. ఊళ్ళో ఎవరు ఉన్నట్టు, ఎవరు లేనట్టు? మన జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు దుబాయ్ పోయి రెండేళ్ళకోసారి వస్తారు. నేత పనివాళ్ళు భివండీలో, సూరత్‌లో ఉంటారు. ఆడపిల్లలు కాన్పుకు తల్లిగారింటికి వస్తారు, ఐదో నెల దాకా ఉండి పోతారు. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు ముంబై నుంచి, సూరత్ నుంచి బస్సుల నిండా జనం వచ్చారు. ఆ రోజు లెక్కకు వచ్చిన మనిషి మర్నాడు ఊళ్ళో లేడు. అందుకే బతుకమ్మ, దసరా సెలవుల్లో సర్వే పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఆడబిడ్డలు, వలస పోయినవాళ్ళు అందరూ ఇంట్లోనే ఉంటారు. నవంబరు మంచిది, ఏటా నవంబరులోనే చేయండి. ఎన్ని నెలలు ఊళ్ళో ఉంటే ఊరివాడో మీరే ఒక నియమం రాసుకోండి. ఆరు నెలలంటారా, నాలుగంటారా అన్నది అంత పెద్ద విషయం కాదు, ఏటేటా మార్చకపోవడమే విషయం. మార్చక తప్పకపోతే ఏ తేదీన, ఎందుకు మార్చారో మొదటి పేజీలో రాయండి.

మనిషికి ఒకసారి ఇచ్చిన నంబరు జీవితాంతం ఉండాలి, చనిపోయినవాళ్ళ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. పై వాడ పిల్ల కింది వాడకు కోడలుగా పోతే ఇల్లు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, నంబరు మారదు. కొత్త నంబరు ఇచ్చారో, పాత నంబరు మీద ఒక మనిషి మీ పుస్తకంలో ఎన్నటికీ చావకుండా బతుకుతూ ఉంటుంది. అలాంటివాళ్ళు ఇరవై మంది పోగుపడితే మీ ఊరి మరణాల రేటు దానంతటదే తగ్గుతుంది.

చావులు దొరకడం కష్టం. నెల తిరక్కుండా పోయిన పసివాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళు చెప్పరు, మీరు అడగకూడదు కూడా. అది ఆశ అక్కకు వదిలేయండి. మీరు చేయగలిగింది ఒకటే. పోయిన ఏడు గర్భవతి అని రాసిన ప్రతి పేరుకూ ఈ ఏడు ఏదో ఒక ఫలితం రాసి ఉందా లేదా చూసి, లేని పేర్లు ఆమెకు ఇవ్వండి.

పెద్దవాళ్ళ చావులకు రెండు జట్లుగా విడిపోండి. మన దేశంలో నమూనా నమోదు పద్ధతి అని ఒకటుంది. అక్కడ ఊళ్ళో ఉండే టీచరో అంగన్‌వాడీ టీచరో ఏడాది పొడవునా జనన మరణాలు రాస్తారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ వేరుగా వచ్చి తన లెక్క తాను రాసుకుంటాడు. రెండూ పక్కపక్కన పెట్టి, కలవని పేర్లను మళ్ళీ ఊళ్ళోకి పోయి తేల్చుకుంటారు. రెండు లెక్కలూ తప్పిపోయిన చావులెన్నో అంచనా వేసే పద్ధతిని చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు 1949లో రాశారు. కలకత్తా దగ్గరి సింగూరు పల్లెల లెక్కలతోనే దాన్ని చూపించారు. మొదటి జట్టుకు 40 చావులు, రెండో జట్టుకు 36 దొరికాయని, రెంటిలోనూ ఉన్న పేర్లు 32 అనుకుందాం. 40ని 36తో గుణించి 32తో భాగించండి, 45 వస్తుంది. మీకు దొరికింది 44, అంటే ఇద్దరి కళ్ళూ గప్పింది ఒకటి ఉందన్నమాట. ఈ లెక్కకు ముఖ్యమైన షరతు, రెండో జట్టు మొదటి జట్టు పుస్తకం చూడకూడదు. చూసి రాసుకుంటే అన్నీ కలుస్తాయి, తప్పిపోయినవి సున్నా అని వస్తుంది, సారు మెచ్చుకుంటారు, లెక్క మట్టికొట్టుకుపోతుంది.

జిల్లా పేరు మీద మాత్రం ఆధారపడకండి. మేడారం 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా. ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. ఊరు కదల్లేదు, మూడు జిల్లాలు మారింది. వరంగల్ పేరు మీద మరణాలు 2015లో ఇన్ని, 2017లో ఇన్ని అని పక్కపక్కన రాసి చూస్తే జనం ఒక్కసారిగా ఆరోగ్యవంతులైపోయినట్టు కనబడుతుంది. 2018లో తండాలు ఎన్నో సొంత పంచాయతీలయ్యాయి కదా, మీ ఊరి తండా కూడా అందులో ఉంటే అప్పటి ముందు లెక్క, తర్వాతి లెక్క విడివిడిగా ఉంచండి.

పొరపాటు రాస్తే రబ్బరు పెట్టొద్దు, వైట్‌నర్ అసలే వద్దు. కింది అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. పేర్లున్న పుస్తకం వేరుగా, జబ్బులు రాసిన పుస్తకం వేరుగా పెట్టండి, రెంటినీ కలిపేది నంబరొక్కటే. పేర్ల పుస్తకం సారు బీరువాలో తాళం వేసి ఉండాలి. ఎవరింట్లో టీబీ ఉందో చెరువుకట్ట మీద ముచ్చటైతే వచ్చే ఏడు మీకు ఎవరూ తలుపు తీయరు.

నవంబరు అయ్యాక రెండు జట్ల జాబితాలూ నాకు పంపండి, పేర్లు లేకుండా నంబర్లతో. కలవనివి మీరే ఊళ్ళోకి పోయి తేల్చాక పంపండి. కొట్టివేతలు సాపు చేయొద్దు, నేను ముందు చూసేది వాటినే.

మీ
రిటైర్డ్ సూపర్‌వైజర్ తాత,
హన్మకొండ