పొలంగట్టు ఆకుకూరలు: అపోహలు, వాస్తవాలు

వానలు పడిన కొన్ని వారాలకు జహీరాబాద్ వైపు కంది, జొన్న చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు తీసిన మొక్కలన్నిటినీ గట్టు మీద పారేయరు. చెంచలి, గంగవాయిలి, తుమ్మి, పూత రాని లేత గునుగు ఏరి కొంగున మూటకట్టుకుంటారు. పోషకాహార నిపుణురాలిగా ఈ కూరల గురించి నేను రెండు రకాల మాటలు వింటుంటాను. ఊళ్లో ఇవి గతిలేనివారి తిండి, పట్నంలో సర్వరోగ నివారిణి. ఈ రెండు మాటల వల్లా నష్టం జరుగుతోంది కనుకనే ఇది రాస్తున్నాను.

అపోహ: విత్తకుండా మొలిచిన మొక్కలో బలం ఉండదు.

వాస్తవం: కోస్తాలో పాయలకూర అని పిలిచే గంగవాయిలినే చూడండి. ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఆకుకూరల్లో సాధారణంగా చాలా తక్కువ. 100 గ్రాముల పచ్చి గంగవాయిలి ఆకులో మాత్రం సుమారు 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఒక రకం ఒమేగా-3) ఉంటుంది. ఈ విషయంలో పాలకూర దీనికి సాటి రాదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ కూడా ఇందులో మెండుగా ఉంటాయి. డబ్బు పెట్టనక్కరలేకుండా చేలో దొరికే ఇంత మంచి కూరను పిల్లలు నామోషీగా భావించి వదిలేస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: యాంటీఆక్సిడెంట్ అంకె ఎంత పెద్దదైతే ఆరోగ్యానికి అంత మేలు.

వాస్తవం: యాంటీఆక్సిడెంట్లంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను అణచే పదార్థాలు, ఆ శక్తిని కొలిచేదే ఈ అంకె. అది ఎలా వస్తుందో తెలిస్తే ఈ మాట అనరు. ప్రయోగశాలలో ఎక్కువగా చేసే డీపీపీహెచ్ పరీక్షలో, ముదురు ఊదారంగు ద్రావణంలో ఆకుసారాన్ని కలిపితే రంగు క్రమంగా పసుపులోకి మారుతుంది. ఊదా ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల కాంతి వద్ద కొలుస్తారు. ఆ గాజు గొట్టంలో పేగులు లేవు, కాలేయం లేదు. మనం తిన్న పాలీఫినాల్స్‌లో (ఆకుల్లో ఉండే ఒక రకం యాంటీఆక్సిడెంట్లు) రక్తంలోకి చేరేది కొద్ది భాగమే, అదీ కాలేయంలో రూపం మార్చుకొని త్వరగా బయటికి పోతుంది. పైగా పరీక్షకు చాలాసార్లు ఎండబెట్టిన పొడినే వాడతారు. పచ్చి ఆకులో దాదాపు తొంభై శాతం నీరే కాబట్టి, పొడి లెక్కలో వచ్చిన అంకెను పళ్లెంలోని కూరకు అన్వయిస్తే అది ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఇలాంటి అంకెలు ఒంట్లో జరిగేదాన్ని చెప్పవనే అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల ఓరాక్ (ప్రయోగశాలలో కొలిచే మరో యాంటీఆక్సిడెంట్ అంకె) విలువల పట్టికను 2012లో తొలగించింది. యాంటీఆక్సిడెంట్లను విడిగా మాత్రల రూపంలో ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం: 1994లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్న పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కూరగా తిన్న ఆకు సంగతి వేరు. అందులోని బీటా కెరోటిన్ కాస్త నూనె తోడైతే బాగా ఒంటబడుతుంది.

అపోహ: వండితే పోషకాలన్నీ పోతాయి.

వాస్తవం: విటమిన్ సి, ఫోలేట్ కొంత పోతాయి, ఇనుము పోదు. ఆకులోని ఇనుము ఒంటబట్టేది తక్కువ గనుక, స్త్రీలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో సూచించిన రోజుకు 29 మిల్లీగ్రాములను ఆకుకూర ఒక్కటే తీర్చలేదు. అయితే పప్పులో పచ్చి మామిడికాయ వేసినా, తినేముందు నిమ్మకాయ పిండుకున్నా ఆ ఇనుము మెరుగ్గా అందుతుంది. అన్నం తినగానే టీ తాగితే తగ్గుతుంది.

అపోహ: గలిజేరు కషాయం తాగితే కిడ్నీ జబ్బు నయమవుతుంది.

వాస్తవం: గలిజేరు పేరుతో రెండు వేర్వేరు మొక్కలు వాడుకలో ఉన్నాయి, పునర్నవ అని చెప్పే అటికమామిడి వాటిలో ఒకటి మాత్రమే. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఆకు కషాయాల్లో పొటాషియం ఉంటుంది. కషాయాన్ని నమ్మి మందులు మానేసి, కాళ్లు వాచిన తరువాత నా దగ్గరకు వచ్చినవారిని చూశాను. దయచేసి డాక్టరును అడగకుండా ఈ పని చేయకండి. గంగవాయిలిలో రాళ్లు ఏర్పడటానికి తోడ్పడే ఆక్సలేట్లు కూడా ఎక్కువే కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవారు దాన్ని రోజూ తినకూడదు. మిగతావారు ఉడికించి నీరు వంపేసినా, పెరుగుతో కలిపి తిన్నా వాటి ప్రభావం తగ్గుతుంది.

అపోహ: చేలో దొరికినదంతా సురక్షితమే.

వాస్తవం: కలుపు మందు కొట్టిన పత్తి చేలో, మురుగు కాలువ పక్కన, రోడ్డు వారన కోయకూడదు. తెలియని మొక్కను ఊళ్లోని పెద్దవారికి చూపించాలి. గంగవాయిలిలాగే నేల మీద పాకే నానబాలు జాతి మొక్కలు దానితో కలిసే పెరుగుతాయి. కాడ తుంచి చూడండి: తెల్లని పాలు కారితే అది గంగవాయిలి కాదు, దాని కాడలో నీళ్లలాంటి రసమే ఉంటుంది.