ముగ్గురు తల్లులకు ఒకటే గడి

బయోటెక్ పరిశోధన కంపెనీల్లో పశువుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా నేరమంతా పాత ప్రోగ్రామ్ మీదికే నెడతారు. పాపం, దాని తప్పేమీ లేదు. పాడి, మాంసం లెక్కల కోసం పుట్టినదాన్ని తెచ్చి పరిశోధనలో కూర్చోబెట్టారు.

ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు ఈనింది, ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఎవరికి అమ్మారు: మంద రిజిస్టరులోని గడులే కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. 1996 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం మ్యాడ్ కౌ జబ్బుకూ మనుషుల్లో బయటపడ్డ కొత్తరకం మెదడు వ్యాధికీ సంబంధం ఉండవచ్చని ప్రకటించింది. జూలై నుంచి అక్కడ పుట్టే దూడలకు పాస్‌పోర్టులు మొదలయ్యాయి. పశువులకు తగిలించే రేడియో ట్యాగులకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాలు వచ్చిందీ ఆ ఏడాదే. 15 అంకెల సంఖ్య, అందులో మొదటి మూడు దేశానికో తయారీదారుకో గుర్తు. పశువు ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ పని అయిపోయినట్టే.

ఆ లెక్కకు లొంగని జంతువు కూడా ఆ జూలైలోనే పుట్టడం విచిత్రం. స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లోనింగ్‌తో పుట్టిన గొర్రె డాలీకి కణకేంద్రకం ఫిన్ డోర్సెట్ గొర్రెది, అండం స్కాటిష్ బ్లాక్‌ఫేస్ గొర్రెది, మోసి కన్నది మరో బ్లాక్‌ఫేస్. తండ్రి ఊసే లేదు. మంద సాఫ్ట్‌వేర్‌లో తల్లికి ఉన్నది ఒకటే గడి. అలాంటి చోట సిబ్బంది మోసిన తల్లిని అందులో రాసి, మిగతా ఇద్దరినీ 'రిమార్కులు'లో పడేస్తారు. ఒకరు ట్యాగు సంఖ్య రాస్తారు, మరొకరు కొట్టంలో పిలిచే పేరు రాస్తారు. ఇక వెతికితే ఏం దొరుకుతుంది?

తర్వాత నియంత్రణ సంస్థలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో జాడ ఉండాలని 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. పాత అంకె మీద కొత్త అంకె కొట్టేసే ప్రోగ్రాములకు అది మింగుడుపడలేదు. 2009లో జన్యుమార్పిడి చేసిన మేకల పాల నుంచి తీసిన, రక్తం గడ్డకట్టకుండా చూసే ఏట్రిన్ మందుకు అదే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చేసరికి మేక రికార్డు మందు తయారీ రికార్డులో భాగమైంది.

నా దృష్టిలో అసలు చిక్కు మరణం దగ్గరుంది. పాడి లెక్కలో చచ్చిన పశువు ఖాతా మూసేస్తారు. పరిశోధనలో దాని రక్తం, కణజాలం ఏళ్ల తరబడి ఫ్రీజర్లో ఉంటాయి. జన్యు సవరణతో కొమ్ముల్లేకుండా పుట్టించిన ఎద్దుల్లో బాక్టీరియా డీఎన్ఏ ముక్క మిగిలిపోయిందని ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2019లో బయటపెట్టారు. అప్పటికి వాటిలో ఒకదానికి దూడలు కూడా పుట్టాయి. అలాంటప్పుడు ఏ దూడ దేనికి పుట్టింది, ఏ సీసా ఎవరిదన్నది నిమిషాల్లో తేలాలి.

చెవి ట్యాగు ఊడితే కొత్తది వేస్తారు, సంఖ్య మారుతుంది. అందుకే కొత్త వ్యవస్థల్లో ట్యాగుకు సంబంధం లేని శాశ్వత సంఖ్య ఇస్తున్నారు, తల్లి గడిని మూడుగా విడదీస్తున్నారు. కోడ్ రాయడం త్వరగానే తెములుతుంది. ఏళ్ల నాటి రిమార్కులను మాత్రం ఆ మందను ఎరిగిన మనిషి కూర్చుని ఒక్కొక్కటిగా చదవాల్సిందే.