ఉక్కపోతలో ఒకలా, వడగాలిలో ఒకలా

విశాఖ ఎండాకాలంలో వేడి రెండు రకాలు. సముద్రపు గాలి వేళకు వస్తే ఉక్కపోత. పడమటి గాలి దాన్ని అడ్డుకుంటే వడగాలి, అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటవచ్చు. మర్రికో చింతకో పగలంతా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు ఈ రెంటినీ ఒకే తీరున తట్టుకోవు.

వాటి ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు రెక్కలే ఆధారం. మీటరుకు పైగా విప్పారే ఆ పలచని పొర నిండా రక్తనాళాలు ఉంటాయి. విప్పి విసురుకుంటే ఒంట్లోని వేడి వాటి గుండా బయటికి పోతుంది. గాలి ఒంటికన్నా వేడెక్కితే ఉత్త విసురు చాలదు. చెమట పట్టి చల్లబడే వీలు వాటికి లేదు కాబట్టి రొప్పుతాయి, ఛాతీనీ రెక్కలనూ నాకి ఉమ్మితో తడుపుకుంటాయి. పొడి గాలికి ఆ తడి ఇట్టే ఆరి చల్లబరుస్తుంది, కానీ ఒంట్లో నీరు తరిగిపోతుంది. తేమ గాలిలో తడి త్వరగా ఆరదు. ఎండా తేమా కలిసి పెరిగిన మధ్యాహ్నమే అన్నిటికన్నా గడ్డుది.

ఆస్ట్రేలియాలో 42 డిగ్రీలు దాటిన రోజుల్లో పండ్ల గబ్బిలాలు గుంపులుగా చనిపోయాయి. 2018 నవంబరులో కెయిర్న్స్ ప్రాంతంలో ఒకే జాతివి సుమారు 23,000 రాలిపోయాయి. మన దగ్గరి పండ్ల గబ్బిలం ఫిబ్రవరి నుంచి మే లోపు ఒక్క పిల్లను ఈనుతుంది. అంటే పాలిచ్చే తల్లి, ఒంటిని అంటిపెట్టుకున్న పిల్లతోనే నడి వేసవిని దాటాలి.

వానల్లోనూ చలిలోనూ అవే రెక్కలు దుప్పటి అవుతాయి. బొర్రా వంటి గుహల్లోని చిన్న గబ్బిలాలకు ఈ అవస్థ తక్కువ, రాతి లోపల ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు.

చెట్టు మీది వాటికి కావలసినది గుబురు నీడ, దగ్గర్లో నీరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన పెద్ద చెట్ల నీడను కొత్త మొక్కలు ఇవ్వడానికి దశాబ్దాలు పడుతుంది. నీటి తొట్టె పెట్టడం మంచి మనసే గానీ వీటికి అక్కరకు రాదు. ఎగురుతూ పొట్టను నీటికి తాకించి, తడిసిన బొచ్చును నాకి తాగుతాయి కాబట్టి చెరువంత విశాలమైన నీరు కావాలి. మధ్యాహ్నం టపాసులు కాల్చి, కొమ్మలు కొట్టి లేపడం మాత్రం ప్రాణాంతకం, ఎగిరితే కండరాల వేడి ఎండకు తోడవుతుంది.

కింద పడినదాన్ని ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఈ జాతి గబ్బిలాల్లో మనుషులకు సోకే నిపా వైరస్ ఉండవచ్చు. జనాన్నీ కుక్కలనూ దూరంగా ఉంచి అటవీ శాఖకు చెప్పాలి. కరిచినా గీరినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.