పంపిన ఫోన్లు వేరు, అమ్ముడైన ఫోన్లు వేరు

చిరంజీవులకు ఆశీస్సులు.

కష్టాల్లో ఉన్న ఫోన్ల కంపెనీ షేరు కొనేముందు, అది మూడు నెలల్లో ఎన్ని ఫోన్లు అమ్ముతుందో ఎలా లెక్కగట్టాలని అడిగారు. కెనడా కంపెనీ బ్లాక్‌బెర్రీ 2013 నాటి లెక్కలు ముందు పెట్టుకుందాం. అప్పుడది కొత్త బ్లాక్‌బెర్రీ 10 ఫోన్ల మీదే ఆశలన్నీ పెట్టుకుంది.

మార్చి–మే నెలల్లో 68 లక్షల ఫోన్లు పంపామని కంపెనీ చెప్పింది. అందులో కొత్తవి 27 లక్షలు. పంపడమంటే డీలర్ల దగ్గరికి చేరడం, అంతే. చాలా ఫోన్లు అరల్లోంచి కదల్లేదు. తర్వాతి మూడు నెలల్లో, ముఖ్యంగా ఆ కొత్త ఫోన్లలో ఒకటైన జెడ్10 నిల్వల వల్ల, 93 కోట్ల డాలర్లు నష్టం కింద రాయాల్సి వచ్చింది.

ఆ జూన్–ఆగస్టు లెక్క దగ్గర కాస్త ఆగండి. ఖాతాల్లో అమ్మకం 37 లక్షలు, జనం చేతికి వెళ్లినవి 59 లక్షలు. తేడా 22 లక్షలు కాబట్టి డీలర్ల దగ్గర స్టాకు అంత తగ్గిందని అనిపిస్తుంది. అది తప్పు. కొన్ని కొత్త ఫోన్లను, డీలరుకు పంపినా సరే, గిరాకీదారు కొనేదాకా అమ్మకంగా రాయకూడదని కంపెనీ పద్ధతి మార్చుకుంది. అలా పంపినవి ఆ 37లో లేవు, అరల్లో మాత్రం ఉన్నాయి. కాబట్టి స్టాకు తగ్గింది 22 లక్షల కంటే తక్కువే. ప్రెస్‌నోట్‌లో ఈ ముక్క ఒక్క వాక్యంలో ఉంటుంది, వదిలేయకండి.

ధర కూడా సరిచూసుకోండి. ఆ మూడు నెలల ఆదాయం సుమారు 160 కోట్ల డాలర్లు, అందులో ఫోన్లూ పరికరాల వాటా 49 శాతం. దాన్ని 37 లక్షలతో భాగిస్తే ఫోనుకు దాదాపు 210 డాలర్లు. అంతకుముందు మూడు నెలలకు ఇదే లెక్క వేస్తే 320 దాటుతుంది. సగటు ఇంతగా పడిందంటే ఖాతాకెక్కినవి ఎక్కువగా చవక ఫోన్లన్నమాట. నిజంగానే వాటిలో ఎక్కువ భాగం పాత బ్లాక్‌బెర్రీ 7 రకం.

ఇక అంచనా. మొత్తం అంకె పట్టుకోకండి, జనం చేతికి వెళ్లిన ఫోన్లను పాతవీ కొత్తవీ విడదీయండి. సెప్టెంబరు–నవంబరులో అవి 43 లక్షలు, పాతవి 32. ఆ తర్వాతి మూడు నెలల్లో మొత్తం 34 లక్షలు, పాతవి 23. తీసివేసి చూడండి: పడిన 9 లక్షలూ పాత ఫోన్లవే. కొత్తవి రెండుసార్లూ 11 లక్షల దగ్గరే నిలిచాయి.

మీ
పెదనాన్న